కాలని రెండు వరుసలు

"నాలుగ్గంటలకి జైలు బండి వస్తుంది. ఆ పిల్లని ఎక్కించి పంపేస్తున్నాను. ఇంక మీరొచ్చి చూసేదేముంది ఎజే? ఇంటికెళ్ళి మనవలకి ఊలు మేజోళ్ళు అల్లుకోండి," అన్నాడు కెప్టెన్ మక్సుత్, మాంసం కూరిన వేడి సమ్సా కొరుకుతూ.

"నాకు మనవలు లేరు. ఉన్నా, నీ మొహం చూసిన కళ్ళతో ఇంటికెళ్తే జడుసుకుంటారు. ముందా నూనె చేతులు సాక్ష్యాల మీద నుంచి తియ్," అంది ఊల్కాన్ సాదికోవా.

ఫ్రుంజె నగరంలో వయసులో పెద్దదైన ఏ ఆడమనిషినైనా అక్కా అన్నట్టు 'ఎజే' అనే పిలుస్తారు. మక్సుత్ నోట్లోంచి వచ్చేసరికి మాత్రం ఆ పిలుపు 'ముసలమ్మా' అన్నట్టు వినపడేది. అతను నగర మిలీషియాలో, అంటే అక్కడి పోలీసుల్లో, కొత్తగా భుజం మీద నక్షత్రాలు కుట్టించుకున్నవాడు. ఆమె ప్రాసిక్యూటర్ ఆఫీసులో హత్యకేసులు చూసీ చూసీ జుట్టు నెరిసిన దర్యాప్తు అధికారిణి. ఈ ఇద్దరికీ ఒకే కేసు అప్పగించిన మహానుభావుడెవడో గాని, వాడికి బుద్ధి అనేది బొత్తిగా లేదని ఊల్కాన్ గట్టి నమ్మకం.

నిన్న పొద్దున ప్రయోగశాలలోని ఈ హై వోల్టేజి హాల్లోనే తుర్గునాలి అనే శాస్త్రవేత్త కరెంటు తగిలి చనిపోయాడు. ముప్పై నాలుగేళ్ళవాడు. ఎదురుగా నిలబెట్టిన చెక్క చట్రంలో బిస్కెట్లంత బూడిదరంగు పింగాణీ బిళ్ళలు వరుసలుగా బిగించి ఉన్నాయి. చట్రం అడుగున ఉన్న రాగి పట్టీ పట్టుకుని పడిపోయాడు. ఆ సమయంలో హాల్లో ఉన్నది బురుల్ అనే ఇరవై మూడేళ్ళ సహాయకురాలు, టీకని వచ్చిన కాపలా తాత. అంతే. బురుల్ ఇప్పుడు ఠాణాలో ఉంది. నాలుగు దాటి ఆ బండెక్కిందంటే, ఆ పిల్ల బయటికొచ్చేసరికి ఆమె తోటివాళ్ళ పిల్లలు బడికి పోతుంటారు.

"వోల్టులు పెంచే నాబ్ మీద వేలిముద్రలు ఎవరివి? ఒక్క బురుల్‌వే," అన్నాడు మక్సుత్, వేళ్ళు మడుస్తూ. "తుర్గునాలికి పోయిన నెలలో ఇంకో పిల్లతో నిశ్చితార్థమైంది. దీనికి కడుపు మండింది. వాడు పట్టీ పట్టుకోగానే ఇది నాబ్ తిప్పింది. అయిపోయింది కథ."

"ఆడపిల్ల అనగానే ఈర్ష్య తప్ప ఇంకోటి తట్టదు నీ బుర్రకి. వాళ్ళిద్దరి మధ్య ఏదో ఉందని ఎవరన్నా చెప్పారా?"

"చెప్పక్కర్లేదు, తెలుస్తుంది."

"నీకా? మీ ఆవిడ పుట్టింటికెళ్ళిపోయిందని నీకు తెలియడానికే వారం పట్టిందని మీ ఠాణా అంతా చెప్పుకుంటున్నారు."

మక్సుత్ సమ్సా మింగుడు పడక దగ్గాడు. ఊల్కాన్‌కి హాయిగా అనిపించింది. ఆ హాయిని దాచుకునే అలవాటు ఆమెకి లేదు.

బురుల్ ఇచ్చిన వాంగ్మూలం ఆమె రెండుసార్లు విన్నది. 'నాబ్ ఎనిమిది వేల వోల్టులకి కాస్త తక్కువలో పెట్టాను. కాపలా తాత వచ్చారు. ఆయనకి టీ పోస్తున్నాను. తుర్గునాలి అన్న మీటరు మార్చడానికి ఎర్తు తీగ విప్పారు. వోల్టుల ముల్లు దానంతటదే ఎగిరింది. నేను నాబ్ ముట్టుకోలేదు.' తాతని అడిగితే, తన చూపంతా టీ గిన్నె మీదే ఉందన్నాడు. పిల్ల ఒక చేత్తో టీ పోస్తోంది, రెండో చెయ్యి ఎక్కడుందో చూడలేదన్నాడు. నాబ్ చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. మక్సుత్‌కి ఆ రెండో చెయ్యి చాలు.

"ముల్లు దానంతటదే ఎగిరిందట! ఏం, అది మిడతా?" అని నవ్వాడు.

అప్పుడే లోపలికొచ్చారు ప్రయోగశాల అధిపతి జపార్ కెనెషోవిచ్. నల్ల కోటు, కోటు మీద ఈ బిళ్ళలు కనిపెట్టినందుకొచ్చిన రెండు పతకాలు. శోకంలో ఉన్న మనిషి కూడా పతకాలు పెట్టుకోవడం మర్చిపోలేదన్నది ఊల్కాన్ గమనించింది.

"కామ్రేడ్, మీకు పది నిమిషాలివ్వగలను. తర్వాత నాకు సమావేశం ఉంది," అన్నారాయన కుర్చీ కూడా చూపించకుండా. "మీరు చదివింది న్యాయశాస్త్రమనుకుంటాను. పోనీ, వంటింటి భాషలోనే చెబుతాను."

"చెప్పండి. వంటింట్లో మేం అబద్ధం వాసన త్వరగానే పసిగడతాం."

ఆయన ఆ మాట విననట్టే ఒక బిళ్ళ మీద వేలు పెట్టారు. "ఇది ఒక తలుపు. వెయ్యి వోల్టుల దాకా రాయి. చుక్క కరెంటు కూడా పోనివ్వదు. వెయ్యి దాటిందా, బార్లా తెరుచుకుంటుంది. పిడుగు పడ్డప్పుడు కరెంటు లైన్లని కాపాడేవి ఇవే. ఇక్కడ పైనుంచి కిందికి పది వరుసలు. వరుసకి అయిదు బిళ్ళలు. అయిదింటికీ పైన ఒక రాగి పట్టీ, కింద ఒక రాగి పట్టీ. అయిదింటిలో ఏ ఒక్కటి తెరుచుకున్నా కరెంటు ఆ వరుస దాటేస్తుంది. ఏది బలహీనంగా ఉంటే దాన్నే వెతుక్కుంటుంది. కానీ మొత్తం పది వరుసలూ దాటాలంటే పది వేలు కావాలి."

"ఎనిమిది వేల దగ్గర?"

"పది వరుసలూ తలా ఎనిమిది వందలు పంచుకుంటాయి. ఒక్కటీ కదలదు. పాలు తాగే పిల్లాడు కూడా కింది పట్టీ పట్టుకోవచ్చు."

"అందుకేనా కరెంటు ఆపకుండానే ఎర్తు తీగ విప్పి మీటరు మారుస్తారు?"

"ఆపితే బిళ్ళలు చల్లారిపోతాయి, కొలతలు మళ్ళీ మొదటికొస్తాయి. ఇక్కడ ఏడేళ్ళుగా ఇదే పద్ధతి. రోజూ టీకి ముందు మీటరు మారుస్తాం. ఎవరికీ గోరు కూడా కాలలేదు."

"నిన్న ఒకాయన ప్రాణం పోయింది."

"ఆ అమ్మాయి పది వేలు దాటించింది కాబట్టి! ఇంకో దారి లేదు. ఇది గణితం, కామ్రేడ్. మీ సాక్షుల్లాగా మాట మార్చదు." ఆయన చట్రం వైపు చూడకుండా మొహం తిప్పుకున్నారు. "తుర్గునాలి నాకు కొడుకులాంటివాడు. అతనికి ఉండటానికి ఇల్లు కూడా నేనే ఇప్పించాను. ఆమె మీద నాకు పగ లేదు. చిన్నపిల్ల. కానీ నిజం నిజమే."

గడియారం చూసుకుని వెళ్ళిపోయారు. మక్సుత్ ఆయన వెనకాలే తలుపు దాకా వెళ్ళి వంగి వంగి సాగనంపాడు. ఊల్కాన్‌కి ఒళ్ళు మండింది. పతకం కనిపిస్తే చాలు, ఈ జాతికి నడుం నిలబడదు.

"విన్నారుగా," అన్నాడు మక్సుత్ తిరిగొచ్చి. "పది వేలు దాటితేనే తెరుచుకుంటాయి. దాటించడానికి నాబ్ తిప్పాలి. నాబ్ మీద చేతులు బురుల్‌వి. ఈ లెక్క మా అమ్మాయి కూడా చేస్తుంది, దానికి ఎనిమిదేళ్ళు."

"దాన్ని పంపించాల్సింది నీ బదులు. ఇలారా. కాలిన బిళ్ళలు ఎన్ని?"

"ఎనిమిది. ఫొటోలు తీయించాను. నల్ల చుక్కలు స్పష్టంగా ఉన్నాయి."

"ఏ వరుసలో ఏది?"

"దానికేముంది? మొదటి వరుసలో మూడోది, రెండో వరుసలో మొదటిది, మూడోదాన్లో మళ్ళీ మూడోది... ఒక పద్ధతీ పాడూ లేదు. కరెంటు ఇష్టమొచ్చినట్టు తిరిగింది."

"నాలుగో వరుసలో?"

మక్సుత్ వంగి చూశాడు. మళ్ళీ చూశాడు.

"ఏడో వరుసలో?"

"...లేదు."

"ఫొటోలు తీయించావు, లెక్క పెట్టావు, చక్కగా ఎనిమిది అని రాశావు. మరి వరుసలు పది కదరా నాయనా! పది వరుసలూ దాటితేనే కరెంటు కిందికొస్తుందని ఇప్పుడే గదా మీ పతకాలాయన పాఠం చెప్పి వెళ్ళింది? ఎనిమిది వరుసల్లో తలుపు విరగ్గొట్టుకుని వచ్చినట్టు గుర్తు ఉంది. మిగతా రెండు వరుసలు ఎలా దాటింది? నీకు దండం పెట్టి అనుమతి తీసుకుందా?"

మక్సుత్ చెవులు ఎర్రబడ్డాయి. "ఆ రెండు బిళ్ళలు గట్టివేమో. కాలలేదేమో."

"గట్టివైతే తెరుచుకోవు. తెరుచుకోకపోతే కరెంటు అక్కడే ఆగాలి. ఆగలేదు. ఒక మనిషి చచ్చాడు."

ఆమె టార్చి తీసి, వెలుతురు ఏటవాలుగా పడేట్టు పట్టుకుని నాలుగో వరుస మీద ముక్కు ఆనించినంత దగ్గరగా వంగింది. బిళ్ళల అంచులకి బూడిదరంగు లక్క పూత ఉంది. నాలుగు బిళ్ళల అంచులు మందంగా, మసగ్గా ఉన్నాయి. ఎడమ చివరి బిళ్ళ అంచు మీద పైనుంచి కిందికి సన్నగా ఏదో మెరిసింది. పైపట్టీని, కిందిపట్టీని కలుపుతూ వేలెడు పొడవున ఒక గీత. మధ్యలో కాస్త మాడి తెగి ఉంది. ఏడో వరుసలో అలాంటి గీతే, ఈసారి కుడి చివర. ఒకదానికొకటి దూరంగా, ఎవరికీ ఒకేసారి కళ్ళబడకుండా పెట్టాడు, వెధవ.

"పెన్సిలు," అంది ఊల్కాన్. "మెత్తటి నల్ల పెన్సిలు. బూడిద మీద బూడిద. నీలాంటివాళ్ళ కోసమే గీసినట్టుంది."

"పెన్సిలు గీతతో మనిషి చస్తాడా? చెవిలో పువ్వులు పెడుతున్నారా ఎజే?"

"ఆ బల్ల మీద చిన్న మీటరుంది, పట్రా. కరెంటు తీసేసే ఉందిగా? ఎందుకైనా మంచిది, ముందు నువ్వు పట్టుకో."

మక్సుత్ పట్టుకోలేదు. వెళ్ళి మెయిను స్విచ్చి రెండుసార్లు చూసొచ్చి, అప్పుడు మీటరు అందించాడు. ఊల్కాన్ గీత ఉన్న బిళ్ళని చట్రంలోంచి ఊడదీసింది. మీటరు తీగలు రెండూ పక్క బిళ్ళకి పెడితే ముల్లు చచ్చినట్టు పడుకుంది. పెన్సిలు గీత తెగని భాగానికి పెట్టగానే లేచి కూర్చుంది. మక్సుత్ నోరు కొంచెం తెరుచుకుంది. సమ్సా తునక ఒకటి ఇంకా మూతి మీదే ఉంది.

"పెన్సిలు ములుకులో ఉన్నది కరెంటుకి దారిచ్చే బొగ్గు," అంది. "ఒక వరుసలో అయిదు తలుపులుంటే, ఒక్కదాని పక్కన సందు చేస్తే చాలు. ఆ వరుసకి ఇంక కాపలా లేనట్టే. అలా రెండు వరుసల్లో చేశాడు. పది మంది మోసే బరువు ఎనిమిది మంది మీద పడింది. ఎనిమిది వేలకి కాస్త తక్కువలో నాబ్ ఉంటే, ఒక్కో వరుస మీద వెయ్యికి వెంట్రుకవాసి తక్కువ. చూడటానికి అంతా మామూలే. మీటరు సున్నా. ఆ సున్నా చూసే కదా పాపం తుర్గునాలి ధైర్యంగా తీగ విప్పాడు. ఆ తర్వాత పైన కాస్త పెరిగితే చాలు. ఒక వరుస తెరుచుకోగానే దాని బరువు మిగతావాటి మీద పడి, అన్నీ ఒక్కసారే తెరుచుకుంటాయి. ఎర్తు తీగ లేదు. ఉన్న దారల్లా అతని ఒళ్ళే."

మక్సుత్ వంగి గీతని దగ్గరగా చూశాడు. "సరే. ఆ కాస్త పెంచింది బురులే అయ్యుండొచ్చుగా? గీతలు కూడా దానివే."

"ఇంత తెలివిగా, ఇంత ముందుగా గీతలు గీసిన మనిషి, చివరికి అందరి ముందూ తన చేత్తోనే నాబ్ తిప్పి, వేలిముద్రలు నీకు పళ్ళెంలో పెట్టి ఇస్తుందా? నీ ఫొటోగ్రాఫరు తీసిన బొమ్మలోనే చూడు. నాబ్ ఎక్కడుంది? ఆమె చెప్పిన గుర్తు దగ్గరే. ఇదేనా నువ్వు న్యాయమూర్తి ముందు పెట్టేది? నేనే వచ్చి వెనక బెంచీలో కూర్చుంటాను. నిన్ను చీల్చి చెండాడుతుంటే పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకుంటూ చూస్తాను."

మక్సుత్ విసురుగా వెళ్ళి ఫోనెత్తి ఠాణాకి చేశాడు. "బురుల్ని వదిలేయండి. ఆ... జైలు బండి అక్కర్లేదు. వాళ్ళ ప్రయోగశాల తరఫున పూచీ ఇస్తామన్నారుగా, ఎవరొస్తే వాళ్ళకి అప్పగించండి. సంతకం తీసుకోండి." ఫోను టక్కున పెట్టేశాడు. "తృప్తిగా ఉందా ఎజే?"

"చాలా," అంది ఊల్కాన్. అబద్ధమెందుకు, ఆమెకి నిజంగానే చాలా తృప్తిగా ఉంది. ఆ పిల్ల బతికిపోయింది. ఈ ఎగస్పార్టీవాడి మొహం మాడిపోయింది. ఒకే మధ్యాహ్నం రెండు శుభకార్యాలు.

"మరి ముల్లు ఎలా ఎగిరింది? అది చెప్పండి," అన్నాడు మక్సుత్ అక్కసుగా.

"పిల్ల చెప్పింది కదా, దానంతటదే ఎగిరిందని. వినే చెవులుంటేగా! ఇది పాత యంత్రం. గోడలోంచి వచ్చే కరెంటు పెరిగితే ఇదీ పెరుగుతుంది. మా మేడలో కిందింటావిడ కరెంటు పొయ్యి ఆపితే మా ఇంట్లో బల్బు వెలుగు ఎక్కువవుతుంది. పొయ్యికే అంతుంటే, ఈ భవనంలో అన్నిటికన్నా ఎక్కువ కరెంటు తినేదేమిటి?"

మక్సుత్ గోడ మీది ఫోను నంబర్ల కాగితం చూశాడు. "నేలమాళిగలో బట్టీ ఉంది. ఈ బిళ్ళలు కాల్చేది."

బట్టీకి ఊల్కానే ఫోను చేసింది. ఎత్తింది జుమాగుల్ అనే బట్టీ నడిపే ఆవిడ. మక్సుత్ ఫోనుకి ఇవతలి పక్క చెవి ఆనించాడు.

"నిన్న పొద్దున బట్టీ ఆగిందా అమ్మా?"

"ఆగిందా ఏంటి, ఆపించారు!" జుమాగుల్ గొంతు చెవులు చిల్లులు పడేట్టుంది. "రెండ్రోజులు మండాల్సిన బట్టీ! మధ్యలో ఆపితే లోపలున్నవన్నీ పగిలి చస్తాయని పసిపిల్లలకి కూడా తెలుసు. చచ్చాయి. ఒక్కటి మిగల్లేదు. ఇప్పుడు ఆ తిట్లన్నీ నాకే."

"ఎవరు ఆపమన్నారు?"

"ఇంకెవరు, పెద్దాయన. జపార్ కెనెషోవిచ్. టీకి ముందు ఫోను చేసి, 'మొత్తం ఒక్కసారే ఆపెయ్, ఇప్పుడే' అన్నారు. ఎందుకండీ అంటే, 'నీకెందుకు' అన్నారు. ఆ తర్వాత పైనెవరో చచ్చారని గోల. ఆ గొడవలో ఎవరూ నన్ను అడగనే లేదు. మీరే మొదలు."

ఊల్కాన్ ఫోను మెల్లిగా పెట్టింది. రోజూ టీకి ముందు మీటరు మారుస్తామని ఆయనే స్వయంగా చెప్పారు. ఎక్కడ కూర్చుని ఎప్పుడు ఫోను చెయ్యాలో ఆయనకి గడియారం చూస్తే చాలు. హాల్లో అడుగు పెట్టక్కర్లేదు. గణితం మాట మార్చదట! మనిషి నీచుడైతే గణితం మాత్రం ఏం చేస్తుంది పాపం.

"కానీ ఎందుకు?" అన్నాడు మక్సుత్. గొంతులో వెటకారం కొంచెం తగ్గింది. "తుర్గునాలి అంటే ఆయనకి ప్రాణం. అది నటన కాదు. నిన్న ఆయన ఏడ్చిన ఏడుపు నేను చూశాను. గోడకి తల కొట్టుకున్నారు."

ఊల్కాన్ ఆ మాట పట్టుకుంది. ఏడుపు నిజమే అయితే? నటించేవాడు గోడకి తల కొట్టుకోడు, కోటు నలుగుతుందని చూసుకుంటాడు.

"రోజూ మీటరు మార్చేదెవరు?" అని అడిగింది.

"అది చిల్లర పని కదా, బురుల్ చేస్తుంది. అందరికన్నా చిన్నది. ఊడ్చేదీ తనే, మీటరు మార్చేదీ తనే."

"మరి నిన్న తుర్గునాలి ఎందుకు మార్చాడు?"

మక్సుత్ తన నోటుపుస్తకం తిరగేశాడు, అందులో అది లేదు.

"కాపలా తాత వచ్చాడు," అంది ఊల్కాన్. "చెప్పాపెట్టకుండా, దాహమేసి వచ్చాడు. పెద్దాయన వచ్చి కూర్చున్నాక చిన్నపిల్ల లేచి టీ పొయ్యకుండా ఉంటుందా? గిన్నె ఖాళీ అయ్యేకొద్దీ పోస్తూ పక్కనే నిలబడాలి. ఆ పిల్ల చేతిలో పని తుర్గునాలి అందుకున్నాడు, అంతే. వోల్టులన్నీ లెక్కపెట్టాడు మీ జపార్. బట్టీ ఎంత తింటుందో లెక్కపెట్టాడు. ఇంటికొచ్చిన ముసలాయనకి టీ ఎవరు పోస్తారన్నది మాత్రం లెక్కలోకి రాలేదు. ఎలా వస్తుంది? పుట్టి బుద్ధెరిగి తన చేత్తో ఒకరికి టీ పోసిన మొహమా అది? చావాల్సింది తుర్గునాలి కాదు మక్సుత్. బురుల్."

మక్సుత్ మొహంలో రంగు మారడం ఆమె చూసింది. కానీ అది తను ఎదురుచూసిన సిగ్గు కాదు, భయం.

"నిన్న ఆ పిల్ల ఇంకో సంగతి కూడా చెప్పింది," అన్నాడు నెమ్మదిగా. "నేను రాసుకోలేదు. బిళ్ళలు అలసిపోతున్నాయంది. కొన్ని నెలలు వాడితే వెయ్యి కాదు, అయిదారు వందలకే తెరుచుకుంటున్నాయని, ఎండాకాలం కొండల్లో కరెంటు లైన్లకి పెడితే పిడుగు లేకుండానే పేలిపోతాయని. తను కొలిచి చూసిందట. శుక్రవారం తనిఖీ సంఘం వస్తోంది, వాళ్ళ ముందు చెబుతానని వాళ్ళ పెద్దాయనతో అందట. నేను... రాళ్ళు అలసిపోవడమేంటి, నిద్రపోనియ్యి వాటిని అని..."

"నవ్వావా?"

అతను తలూపాడు.

"ఆ పిల్లని ఎవరికి అప్పగించమన్నావు ఇప్పుడు?" అని అడిగింది ఊల్కాన్. "పూచీ కాగితం మీద ఎవరి పేరుంది?"

మక్సుత్ ఫోను మీద పడ్డాడు. గబగబా నంబరు తిప్పాడు. ఈసారి ఊల్కాన్ వచ్చి చెవి ఆనించింది.

"బురుల్ని ఆపండి!" అని అరిచాడు. "ఎవరొచ్చినా పంపొద్దు!"

"అయ్యో, ఇప్పుడే వెళ్ళిపోయారండీ," అన్నాడు అవతల సార్జెంటు, నిశ్చింతగా. "మేం కబురు చెయ్యగానే జపార్ కెనెషోవిచ్ గారు సమావేశం కూడా మానుకుని స్వయంగా కారులో వచ్చారు. అంత పెద్ద మనిషి! కొండ మీద వాళ్ళ వేసవి ఇంట్లో రెండ్రోజులు ఉంచుతారట, జనం సతాయించకుండా. పిల్ల ఏడ్చేసిందండీ ఆయన మంచితనానికి."

"ఏమన్నా మాట్లాడుకున్నారా?" అని ఊల్కాన్ ఫోను లాక్కుంది. "గుర్తు తెచ్చుకో!"

"ఏముందండీ... కారెక్కేముందు ఆయన ఒక్కటే అడిగారు. బిళ్ళల సంగతి కెప్టెన్ గారికి చెప్పావా అని. చెప్పాను గానీ కెప్టెన్ గారు నవ్వి కొట్టిపారేశారు, నమ్మలేదు అందీ పిల్ల. పెద్దాయన కూడా నవ్వారండీ. మంచిదమ్మా, ఎక్కు అన్నారు."